డోర్ట్‌ముండ్‌లో అతిథుల గ్యాలరీ

జర్మనీ ఫుట్‌బాల్ స్టేడియాల్లో ఒక పద్ధతి ఉంది. ఎదుటి జట్టు వెంట పరాయి ఊరినుంచి వచ్చే అభిమానుల కోసం ఒక మూల కొంత చోటు విడిగా ఉంచుతారు. మొత్తం జాగాలో దాదాపు పదోవంతు. దాన్ని వాళ్ళు ప్రత్యర్థుల గ్యాలరీ అనరు. 'గేస్టెబ్లాక్' అంటారు, అంటే అతిథుల గ్యాలరీ. 2025 ఫిబ్రవరి 22వ తేదీ శనివారం సాయంత్రం డోర్ట్‌ముండ్ నగరంలో అటువంటి గ్యాలరీలో, మెడకు ఎర్ర మఫ్లరు చుట్టుకుని, రెండు గంటలసేపు నిలబడ్డ గుడియాత్తం మనిషిని నేను. ఆ రోజు మా జట్టు ఒక్క గోలు కూడా వేయలేక, ఆరు గోల్స్ వేయించుకుని ఓడింది. 'మా జట్టు' అనే మాట నాకెలా అబ్బిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా అమ్మాయీ అల్లుడూ బెర్లిన్‌లో ఉంటారు. జనవరిలో మనవరాలు పుట్టింది. మా ఆవిడ ముందే వెళ్ళింది. నేను ఫిబ్రవరిలో మూడు వారాల సెలవు పెట్టాను. బ్యాంకు ఉద్యోగి ఫిబ్రవరిలో సెలవడగడమంటే పెళ్ళివారింట్లో వంటవాడు ముహూర్తానికి ముందురోజు సెలవడిగినట్టే. మార్చి ముగింపు లెక్కలు తలమీద ఉంటాయి. అయినా తాతనయ్యానంటే పైవాళ్ళు కాదనలేదు.

తీరా అక్కడికి వెళితే, బాలింత ఉన్న ఇంట్లో మగవాడికి పనేముంటుంది? వేన్నీళ్ళు కాచడానికి గీజరుంది, అంగడికి పోవడానికి భాష లేదు. అల్లుడు నా అవస్థ కనిపెట్టాడు. "మామా, మీరు మా జట్టును చూడలేదు కదా" అన్నాడు. అల్లుడిది హోసూరు. అతనికి జట్టంటే తూర్పు బెర్లిన్‌లోని ఎఫ్.సి. యూనియన్.

నిజానికి జర్మనీ నాకు కాగితాల మీద పాత పరిచయమే. ఆంబూరు, రాణిపేట, పేర్నంబట్టు తోళ్ళ కంపెనీల ఎగుమతి బిల్లులు చూసినవాడికి హాంబర్గ్, ఓఫెన్‌బాఖ్, పిర్మాజెన్స్ లాంటి ఊళ్ళ పేర్లు మన కాట్పాడి, వాణియంబాడి పేర్లంత అలవాటు. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా బిల్లు తిరిగి వస్తుందన్నది ఆ దేశం గురించి నాకున్న జ్ఞానం. ఆటల సంగతికొస్తే, ఆట కోసం రైలెక్కి పరాయి ఊరు వెళ్ళింది అంతకుముందు ఒక్కసారే. 1999 జనవరి 31, చెన్నై చేపాకు మైదానం. పాకిస్తాన్‌తో టెస్టు. గెలుపుకు 271 కావాలి. టెండూల్కర్ 136 కొట్టి అవుటయ్యాక మిగతా వికెట్లు నిలవలేదు. 258 దగ్గర కథ ముగిసింది, 12 పరుగుల తేడా. ఏడుపు గొంతులో ఉండగానే జనం లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్ళకు చప్పట్లు కొట్టారు. వాళ్ళు మైదానం చుట్టూ తిరిగి ఆ గౌరవం అందుకున్నారు. అతిథి అనే మాటకు స్టేడియంలో అర్థం ఏమిటో నాకు మొదట చూపించింది మన చేపాకే. జర్మనీ వాళ్ళు ఆ తర్వాత.

హెల్మెట్ మీద పేర్లు

అల్లుడు ముందు ఒక పనిరోజు నన్ను కోపెనిక్ తీసుకెళ్ళాడు. బెర్లిన్ ఆగ్నేయపు కొసన ఉన్న పేట అది. అక్కడి పురపాలక భవనం ముందు ఒక సైనిక కెప్టెన్ విగ్రహం ఉంది. 1906 అక్టోబరులో విల్హెల్మ్ ఫోయ్గ్ట్ అనే చెప్పులు కుట్టేవాడు పాత కెప్టెన్ దుస్తులు కొనుక్కుని తొడుక్కున్నాడు. దారినపోయే సిపాయిలను వెంటేసుకుని వచ్చి మేయర్ను అరెస్టు చేయించాడు. ఖజానాలోని 3,557 మార్కుల 45 ఫెన్నిగులు పట్టుకుపోయాడు. పోతూ పోతూ రసీదు కూడా రాసిచ్చాడు! ఓచరుంది, సంతకముంది, మనిషే దొంగ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను విన్న మోసాల్లో ఇంత ముచ్చటైనది లేదు. చెప్పులవాడు కావడం మా ఆంబూరు వైపు వాళ్ళకు మరీ నచ్చుతుంది.

అక్కడినుంచి చెట్ల మధ్యగా కొంతదూరం నడిస్తే యూనియన్ స్టేడియం వస్తుంది. పేరు 'అల్టె ఫోర్స్టెరై', అంటే పాత అటవీ అధికారి బంగళా. 22,012 మంది పడతారు. అందులో కుర్చీలు నాలుగువేల లోపే, మిగతావన్నీ నిలబడే మెట్లు. ఒక మూల స్కోరుబోర్డు ఇప్పటికీ చేత్తో మార్చేది. బయట ఒక దిమ్మె మీద పెద్ద ఎర్ర హెల్మెట్, ఇళ్ళు కట్టే కూలీలు పెట్టుకునే రకం, దాని కింద వరసగా పేర్లు. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లేమో అనుకుని చెప్పులు విప్పబోయాను. అల్లుడు ఆపి కథంతా చెప్పాడు.

2008లో ఈ స్టేడియం శిథిలమైపోయింది. బాగుచేయకపోతే ఆడనివ్వమన్నారు. క్లబ్బు దగ్గర డబ్బు లేదు. అప్పుడు అభిమానులే పార, తట్ట పట్టుకున్నారు. రెండువేల మందికి పైగా, దాదాపు ఏడాదిపాటు, సుమారు 1,40,000 గంటలు ఉచితంగా పనిచేశారు. కార్యాలయాలకు సెలవు పెట్టి సిమెంటు కలిపినవాళ్ళున్నారు. 2009 వేసవికి స్టేడియం నిలబడింది. హెల్మెట్ కింద ఉన్నవి వాళ్ళ పేర్లు.

అంతకుముందు 2004లో ఇంకో సంగతి జరిగింది. మూడో స్థాయి లీగులో ఆడే లైసెన్సు కోసం పద్నాలుగు లక్షల యూరోలకు పైగా చూపించాలి. జర్మనీలో రక్తమిచ్చినవాళ్ళకు కొంత పైకం ఇచ్చే కేంద్రాలున్నాయి. అభిమానులు వరస కట్టి రక్తమిచ్చి, ఆ పైకాన్ని క్లబ్బుకు జమ చేశారు. వేలూరు వాళ్ళకు రక్తదానం గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. సి.ఎం.సి. ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకు ముందు నిలబడని ఇల్లు మన ఊళ్ళో తక్కువ. అయితే బంధువు ఆపరేషన్‌కు రక్తమివ్వడం వేరు, బంతాట క్లబ్బుకివ్వడం వేరు. మొదట నాకిది పిచ్చిలా తోచింది.

కామర్సు చదివినవాణ్ణి కనుక డబ్బు లెక్క అడిగాను. 2011లో స్టేడియం కంపెనీ షేర్లు అమ్మకానికి పెట్టారు. షేరు 500 యూరోలు, సభ్యులకు మాత్రమే. నాలుగువేల పైచిలుకు మంది కొన్నారు. 2024 చివర స్టేడియం కోసమే ఒక సహకార సంఘం పెట్టి మళ్ళీ వాటాలు అమ్మారు. సహకారమంటే తెలిసిందేగా, వాటాలెన్నున్నా మనిషికి ఒకే ఓటు. అల్లుడు ఒక వాటా తీసుకున్నాడు. "డివిడెండు ఎంత?" అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ట్రాములో వస్తుంటే బ్యాంకు పరీక్షలకు చదివిన పాఠం గుర్తుకొచ్చింది. 19వ శతాబ్దంలో జర్మనీ పల్లెల్లో సహకార పరపతి సంఘాలకు బాట వేసినవాడు రైఫైజన్. మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి యూరప్‌లో ఈ సంఘాలను పరిశీలించి 1890లలో నివేదిక రాశాడు. మన రాజధానికి ఆ మార్గమే తగినదన్నాడు. 1904 సహకార చట్టానికి అదొక పునాది. అంటే మా గుడియాత్తం లుంగీల నేతగాళ్ళ సహకార సంఘాలకూ, ఈ స్టేడియంలో అల్లుడి వాటాకూ మూలపురుషుడు ఒకడే. ఆ మాట చెబితే అతనికి ఆశ్చర్యం వేసింది. ఈసారి నవ్వింది నేను.

బస్సులో పాఠం

డోర్ట్‌ముండ్ బెర్లిన్‌కు ఐదువందల కిలోమీటర్ల దూరం. ఆట సాయంత్రం ఆరున్నరకు. పొద్దున్నే అభిమానులు మాట్లాడుకున్న బస్సులో బయల్దేరాం. తిరుపతి యాత్రకు టూరిస్టు బస్సు కట్టుకున్నట్టే ఉంది. ముందు సీట్లో పెద్దవాళ్ళు, వెనక సీట్లో గోల, మధ్యలో ఒకావిడ అందరికీ ఇంట్లో చేసిన కేకు పంచడం. తేడా అల్లా బీరు సీసాల చప్పుడే. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం కట్టిచ్చింది. స్టేడియంలోకి డబ్బాలు రానివ్వరు కనుక దారిలోనే ముగించాం. పులిహోర ఒక ముద్ద పక్కసీటు పెద్దాయనకూ ఇచ్చాను. ఎండుమిరపకాయ తెలియక నమిలి కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాచాడు.

ఆయనకు డెబ్బై దాటి ఉంటుంది. తూర్పు జర్మనీ కాలంలో కేబుల్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2019లో యూనియన్ మొదటిసారి పెద్ద లీగుకు, బుందెస్‌లీగాకు ఎక్కింది. ఆగస్టులో జరిగిన తొలి మ్యాచికి అభిమానులు తమ ఇళ్ళలో చనిపోయిన యూనియన్ భక్తుల ఫోటోలను నిలువెత్తు అట్టల మీద అచ్చువేయించి గ్యాలరీలో ఎత్తి పట్టుకున్నారు. ఈ రోజు చూడకుండానే పోయినవాళ్ళు, మొత్తం 455 మంది. క్లబ్బువాళ్ళు ఆ రోజు హాజరు 22,467 అని ప్రకటించారు. 22,012కు ఆ 455 కలిపితే వచ్చే అంకె అది. లెక్కల్లో చనిపోయినవారి ఖాతాలను మూసేయడమే మాకు తెలుసు. ఇలా హాజరు వేసిన లెక్క నేనెక్కడా చూడలేదు. పెద్దాయన ఆ రోజు తన అన్న ఫోటో పట్టుకున్నాడట. ఆ మ్యాచిలో కూడా యూనియన్ నాలుగు గోల్స్‌తో ఓడిందని చెప్పి, అదేదో గర్వపడాల్సిన విషయమైనట్టు చిరునవ్వు నవ్వాడు.

మేమిద్దరం మాట్లాడుకునేది ఏ భాష అని ఆయన అడిగాడు. తెలుగు అన్నాం. ఎంతమంది మాట్లాడతారన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎనిమిది కోట్ల పైమాటే అని అల్లుడు చెప్పాడు. పెద్దాయన కాసేపు లెక్క వేసుకుని, "మా దేశం జనాభా అంత!" అన్నాడు. అయితే మీ దేశంలో మీ ఊరు తెలుగు ఊరేనా అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. మన పాఠకులకైతే చెప్పనక్కరలేదు.

మా నాయన గుడియాత్తంలో లుంగీల అంగడి గుమాస్తా. పద్దులు తెలుగులోనే రాసేవాడు. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో అరవం, వేలూరులో బి.కాం. ఇంగ్లీషులో. చిత్తూరు జిల్లా సరిహద్దు గంట ప్రయాణం కూడా కాదు, అయినా ఆ గంటలోనే బడి మారిపోతుంది. దీపం పెట్టాక పలక మీద నాయన దిద్దించిన అక్షరాలే నాకున్న తెలుగు చదువు. ఆ చదువుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. అల్లుడి ఇంట్లో ఆ పలక లేదు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం తర్వాత మన తెలుగు బడుల పిల్లలు పదో తరగతికొచ్చేసరికి కోర్టులదాకా వెళ్ళాల్సి వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. తమిళం నాకు అన్నం పెట్టిన భాష, దానిమీద ఒక్క మాట పడనివ్వను. కానీ ఇంట్లో పలక పెట్టడానికి ఏ చట్టమూ అడ్డం రాలేదు కదా అన్నది నా మొండివాదం. అల్లుడితో ఈ మాట రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ అతను మాట మార్చాడు. మూడోసారి అనకూడదని మా ఆవిడ ఆజ్ఞ.

బస్సులో పాటలు మొదలయ్యాయి. నాకు ఒక్క ముక్కా తెలియదు. కోటు జేబులో వాడని పే-ఇన్ స్లిప్పులున్నాయి, చిత్తుకాగితాలుగా ఎప్పుడూ ఉంచుకుంటాను. అల్లుడు ఒక్కో మాటా విడమరచి చెబుతుంటే స్లిప్పుల వెనక తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. జర్మన్ ఉచ్చారణలో కొన్ని మన అక్షరాల్లో భేషుగ్గా ఒదుగుతాయి. 'ఖ'కారం మాత్రం గొంతులో గరగరమనాలి. నాలుగు పాటలు, ఆరు స్లిప్పులు.

పచ్చగోడ ముందు

డోర్ట్‌ముండ్ బొగ్గు గనులు, ఉక్కు, బీరు కార్ఖానాల ఊరు. స్టేడియం 1974 ప్రపంచ కప్పు కోసం కట్టింది. 2005నుంచి ఒక బీమా కంపెనీ పేరు పెట్టుకున్నా ఊరివాళ్ళు పాతపేరుతో 'వెస్ట్‌ఫాలెన్‌స్టాడియోన్' అనే అంటారు. మనం వేలూరును రాయవేలూరు అన్నట్టు. 81,365 మంది పడతారు. 2011 లెక్కల్లో గుడియాత్తం పట్టణ జనాభా 91,558. అంటే ఇంచుమించు మా ఊరు ఊరంతా వచ్చి కూచోవచ్చు. దక్షిణం వైపు గ్యాలరీ ఒక్కదానిలోనే ఇరవైనాలుగు వేలకు పైగా జనం నిలబడి చూస్తారు. అందరూ పసుపు రంగే. దానికి పేరే 'పచ్చగోడ'.

నిలబడి చూడడమేమిటని నేనూ అడిగాను. 1989లో ఇంగ్లండులో హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది ప్రాణాలు పోయాక అక్కడ పెద్ద లీగుల్లో నిలబడే గ్యాలరీలు తీసేశారు. జర్మనీ వాళ్ళు భద్రత పెంచి వాటిని ఉంచుకున్నారు. అందువల్ల టికెట్టు చవక. 2010లో డోర్ట్‌ముండ్ అభిమానులే, నిలబడే చోటుకు ఇరవై యూరోలు ఇవ్వబోమని ఉద్యమం నడిపారు. అతిథిగా వెళ్ళినప్పుడు మరీ ఎక్కువ గుంజుతున్నారన్నది వాళ్ళ కష్టం. మా టికెట్టు ఇరవైకి లోపే పడింది.

తనిఖీ మనవాళ్ళు విమానాశ్రయంలో చేసినంత గట్టిగా చేశారు. నా జేబులోని స్లిప్పులు చూసి ఆ కుర్రాడు వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. గుండ్రటి అక్షరాలు చూసి ఏమనుకున్నాడో, నవ్వి లోపలికి పొమ్మన్నాడు. టీ దొరకలేదు. ఒక ప్లాస్టిక్ గ్లాసులో నిమ్మరసం సోడా లాంటిది తీసుకున్నాను. గ్లాసుకు విడిగా డిపాజిట్టు, తిరిగి ఇచ్చేస్తే వాపసు. ఎనభై వేలమంది తాగినా నేల మీద ఒక గ్లాసు కనబడకపోవడానికి ఇదే కిటుకు. మన జాతరల్లో పెట్టవలసిన పద్ధతి.

లోపల అడుగుపెట్టాక ఆ పచ్చగోడను చూసి నోట మాట రాలేదు. మా గుడియాత్తంలో వైకాసి నెల మొదటి రోజు గంగమ్మ శిరసు ఊరేగి వస్తుంది. కౌండిన్య నది ఒడ్డున ఇసుక కనబడకుండా జనం నిలబడతారు, శిరసు మలుపు తిరగ్గానే ఒక్కసారిగా ఆ హోరు ఛాతీలో తగులుతుంది. చెవికన్నా ముందు ఛాతీకి వినబడే శబ్దం. సరిగ్గా అదే. ఆట మొదలయ్యే ముందు అందరూ మఫ్లర్లు చాచి ఒక పాట పాడారు. అమెరికా నాటకంలో పుట్టి, లివర్‌పూల్ మీదుగా ఇక్కడికొచ్చిన పాటట. ఎవరి ఇంటినుంచో తెచ్చుకుని మన దేవుడికి పాడుకోవడంలో తప్పేముంది?

వాళ్ళు అంతమంది, మేము కొద్ది వేలమంది. మా మూలనుంచి ఒకడు కంచె ఎక్కి డోలు మీద దెబ్బ వేసి 'ఐజెర్న్' అన్నాడు. మిగతా సగం 'ఉనియోన్' అన్నారు. ఇనుప యూనియన్ అని అర్థం. ఏడుకొండలవాడా అంటే గోవిందా అన్నట్టు, గొంతు దానంతటదే కలిసిపోయింది. స్లిప్పు చూసుకునే పనే లేకపోయింది.

ఆట గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. ఆరు గోల్సూ వాళ్ళవే, అందులో నాలుగు గినీ దేశపు గిరాసీ ఒక్కడివే. ఏనుగులా వచ్చి పిల్లిలా తిరిగే మనిషి. గోలు పడ్డప్పుడల్లా మైకువాడు ముందుపేరు అంటాడు, ఎనభై వేలమంది ఇంటిపేరు అంటారు. తర్వాత మైకువాడు మా జట్టు పేరు చెబితే వాళ్ళు 'సున్నా' అని అరుస్తారు. ఆపైన అతను ధన్యవాదాలంటే, పరవాలేదని వీళ్ళ జవాబు. అవమానంలో కూడా మర్యాద తప్పలేదు!

నేను చూస్తూ వచ్చింది మావాళ్ళని. రెండు గోల్స్ పడ్డప్పుడు పాట గట్టిదైంది. నాలుగోది పడ్డప్పుడు ఇక ఎవరైనా బయటికి కదులుతారేమోనని మెట్లవైపు చూశాను. ఒక్కరూ కదలలేదు. యూనియన్ వాళ్ళకు రాయని నియమాలున్నాయి. చివరి ఈల వేసేదాకా వెళ్ళకూడదు, సొంత ఆటగాణ్ణి ఈసడించకూడదు. ఆరోది పడ్డాక పాట ఆగడం మాట అటుంచి ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త బరువుగా సాగింది. గెలుపు కోసం కాదని అప్పటికి అందరికీ తెలుసు. మేమిక్కడున్నామని చెప్పడానికి పాడుతున్నారు. అప్పుడు పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను స్లిప్పులు బయటికి తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, రెండో పాట మొత్తం చూసి పాడాను. పక్కనున్న కుర్రాళ్ళు వంగి ఆ కాగితం చూస్తున్నారు.

ఇక్కడొక మాట చెప్పాలి. మనల్ని కూడా ఇలా అతిథుల మూలలో పాడేవాళ్ళమనుకోవడం బాగుంటుంది, కానీ ఆ పోలిక కుంటిది. వేలూరు కోట కట్టిన నాయకులు 16వ శతాబ్దపు విజయనగర సామంతులు. గుడియాత్తంలో నెల్లూరుపేట ఉంది. తరతరాలుగా ఉన్నచోట మనం పరాయి జట్టు వెంట వచ్చినవాళ్ళం కాదు. సాయంత్రం బస్సెక్కి పోయే అతిథికి రెండు గంటలు గొంతెత్తడం సులువు. రోజూ ఉండేవాడికి గొంతు నిలుపుకోవడం కష్టం.

మన జట్టు ఏది?

తిరుగు దారిలో పెద్దాయన, "మరి మీ తెలుగువాళ్ళ జట్టేది?" అన్నాడు. హైదరాబాదు పోలీసు జట్టు గురించి చెప్పాం. 1950నుంచి 1954దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టది. దాన్ని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ జకార్తా ఫైనల్లో స్టేడియం స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరిచింది. పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్ళు మాత్రం మన వైపు నిలబడి ఉత్సాహపరిచారని చెబుతారు. చేపాకు చప్పట్లు ఆ పాత బాకీ తీర్చుకోవడమేనేమో! దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక గాని ఈతరానికి ఆయన పేరు తెలియలేదు.

ఈ కాలపు జట్టు హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టి, 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచింది. ఆ తర్వాత డబ్బు చిక్కులు. మేము డోర్ట్‌ముండ్ వెళ్ళిన ఏడాదే, 2025 అక్టోబరులో, ఆ జట్టు ఢిల్లీకి తరలి, పేరు మార్చుకుంది. హైదరాబాదు అభిమాని చేతిలో ఒక్క వాటా లేదు, ఓటు లేదు. పొద్దున లేచి పేపరు చూసుకున్నాడు, అంతే. జర్మనీలో 1998నుంచి '50+1' అనే నియమముంది. జట్టును కంపెనీగా మార్చుకోవచ్చు, బయటి డబ్బు తేవచ్చు, కానీ ఓట్లలో సగం కన్నా ఒకటి ఎక్కువ సభ్యుల క్లబ్బు చేతిలోనే ఉండాలి. ఒకటి రెండు ఫ్యాక్టరీ జట్లకు మినహాయింపులున్నాయి.

ఈ నియమముంటే చాలు, అంతా క్షేమమే అనుకోవడానికి లేదు. డోర్ట్‌ముండ్ క్లబ్బే 2000లో షేర్ మార్కెట్టుకు వెళ్ళి, ఆ డబ్బు ఆటగాళ్ళ మీద పోసి, స్టేడియాన్ని కూడా ఒక పెట్టుబడి నిధికి అమ్మి అద్దెకు తీసుకుని, 2005 మార్చిలో దివాలా అంచుదాకా వెళ్ళింది. ఆ నిధిలో పెట్టుబడి పెట్టినవాళ్ళు సమావేశమై గడువుకు ఒప్పుకుంటే బతికింది. మా భాషలో చెప్పాలంటే బాకీ పునర్వ్యవస్థీకరణ. ఎనభై వేలమంది వచ్చే సంస్థకు కూడా మొండిబాకీ తప్పలేదు. అయితే ఒకటి, దాన్ని రాత్రికి రాత్రి ఇంకో ఊరికి ఎవరూ ఎత్తుకుపోలేరు.

బెర్లిన్ చేరేసరికి తెల్లవారుజాము మూడున్నర. సగం బస్సు నిద్రపోయింది. అల్లుడు నిద్రపోలేదు. ఫోన్ వెలుగులో నా స్లిప్పులు పట్టుకుని కూచున్నాడు. పాట అతనికి నోటికి వచ్చిందే కనుక, ఏ మాట ఎక్కడుందో ఊహించి వేలుపెట్టి చూసుకుంటున్నాడు. "మామా, ఇది 'ఉ' కదా?" అన్నాడు. ఔనన్నాను. "మరి ఇక్కడ దీనికి కిందున్న ఈ వంకర ఏమిటి?" ఒత్తు అన్నాను. ఇల్లు చేరేలోపు పదకొండు అక్షరాలు గుర్తుపట్టాడు. మా ఆవిడ ఆజ్ఞ ప్రకారం నేను మరో మాట అనలేదు.

మార్చి మొదటి వారంలో వచ్చి పనిలో పడ్డాను. ఆ సీజను యూనియన్ పదమూడో స్థానంలో ముగించి లీగులో నిలిచింది. డోర్ట్‌ముండ్‌ది నాలుగో స్థానం. ఆ పసుపు గ్లాసు ఇప్పుడు గుడియాత్తంలో మా వంటింట్లో ఉంది, మా ఆవిడ దాంతో ఇడ్లీకి బియ్యం కొలుస్తుంది. డిపాజిట్టు వాళ్ళ ఖాతాలోనే ఉంది, నేనింకా అడగలేదు.